మనం వెళ్తే ప్రయోజకత్వం, వాళ్ళొస్తే చొరబాటా?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజీలు తిరుగుతుంటాయి. మొదటి రకం అమెరికా మ్యాపు. కింద "అక్కడ అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న భాష మన తెలుగే" అని రాసుంటుంది. దానికి చప్పట్లు, దండాలు, జెండాలు. రెండో రకం ఏదో రైల్వేస్టేషన్లో సంచులు భుజాన వేసుకుని దిగుతున్న కుర్రాళ్ళ వీడియో. కింద "విశాఖ మన చేతుల్లోంచి జారిపోతోంది, మేలుకోండి" అని. దానికీ చప్పట్లు, దండాలే. పెట్టేవాళ్ళు కూడా వేరువేరు మనుషులు కారు. పొద్దున్న మొదటిది పంపిన బాబాయిగారే మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండోది పంపుతారు.

ఆ రెండూ ఒకటే మెసేజ్ అని నేనంటాను. మనం ఎటు పక్క నిలబడి చూస్తున్నామన్నదే తేడా. మన మొదటి మెసేజ్ అక్కడి తెల్లవాళ్ళ గ్రూపులో రెండో మెసేజ్ అవుతుంది, అంతే.

మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే అంకె అబద్ధమేం కాదు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారని ఆ దేశపు ప్రభుత్వ సర్వే లెక్కల్లోంచే తేలింది. అదే దేశపు ఇంకో లెక్క కూడా ఉంది. 1965లో అక్కడ నూటికి 84 మంది తెల్లవాళ్ళు. 2020 జనాభా లెక్కలకి 58 మంది అయ్యారు. మొదటి లెక్క చూసి మనం పొంగిపోతే, రెండో లెక్క చూసి గుండెలు బాదుకునేవాళ్ళు అక్కడున్నారు. వాళ్ళ దృష్టిలో మా డాలస్ మేనకోడలూ, పొలాల్లో పండ్లు కోసే మెక్సికో మనిషీ ఒకటే. బయటినుంచి వచ్చి లెక్క మార్చేసినవాళ్ళు.

అసలు ఆ లెక్క ఎలా మారిందో తెలుసుకుంటే నవ్వొస్తుంది. 1924లో వాళ్ళొక చట్టం చేశారు. ఏ దేశంవాళ్ళని ఎంతమందిని రానివ్వాలనేది 1890 జనాభా లెక్కల ప్రకారం, అందులో రెండు శాతం చొప్పున. 1924లో కూర్చుని 1890 లెక్కలెందుకు తీశారంటారా? ఇటలీ వాళ్ళూ, యూదులూ ఎక్కువగా వచ్చింది 1890 తరవాత. వాళ్ళని ఆపాలి, అందుకు. ఈరోజు తెల్లవాళ్ళలో కలిసిపోయిన ఇటలీ వాళ్ళే అప్పుడు పరాయివాళ్ళు! మన సంగతైతే చెప్పనే అక్కర్లేదు, 1917 నుంచే తలుపులు మూసేశారు.

ఆ చట్టాన్ని 1965లో తీసేసి కొత్తది తెచ్చారు. ప్రభుత్వం చదువు, నైపుణ్యం ఉన్నవాళ్ళకి ముందు పీట వెయ్యాలంది. మైకేల్ ఫీగన్ అని ఒహాయో సభ్యుడొకాయన అడ్డం తిరిగి, ముందు కుటుంబ సభ్యులకి, తరవాతే నైపుణ్యానికి అని పట్టుబట్టాడు. అక్కడున్నది తెల్లవాళ్ళే కదా, వాళ్ళ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వస్తే ఊరి రంగు మారదని ఆయన లెక్క. తీరా చూస్తే ఐరోపా వాళ్ళు అప్పటికే సుఖంగా ఉన్నారు, ఎవరూ పెద్దగా కదల్లేదు. వచ్చింది ఆసియా వాళ్ళూ, దక్షిణాన ఉన్న దేశాలవాళ్ళూ. ఒక డాక్టరు వెళ్తే, భార్య, తమ్ముడు, తమ్ముడి భార్య. అత్తగారు తన మాట చెల్లాలని ఏరికోరి పుట్టింటి పిల్లని కోడలిగా తెచ్చుకుంటే, ఆ పిల్ల మొగుణ్ణి తీసుకుని వేరుకాపురం పెట్టినట్టయింది. ఈరోజు మనకి అమెరికాలో ఇన్ని వేల గడపలున్నాయంటే ఆ మహానుభావుడి లెక్క తప్పడం కూడా ఒక కారణం.

ఇంతకుముందు ఇంకో కథ జరిగింది. మనవాళ్ళందరూ చదవాల్సిన కథ. భగత్ సింగ్ థిండ్ అని పంజాబీ. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. బయటినుంచి వచ్చినవాళ్ళలో పౌరసత్వం తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే ఇచ్చే రోజులవి. ఆయన కోర్టుకెళ్ళి ఏమని వాదించాడో తెలుసా? నేను ఆర్యుణ్ణి, పెద్ద కులంవాణ్ణి, కాబట్టి తెల్లవాళ్ళలో లెక్క అని. 1923లో సుప్రీంకోర్టు కొట్టిపడేసింది. శాస్త్రం ఏం చెప్పినా సరే, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. ఆయన ఓడిపోవడంతో పోలేదు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు పదుల మందికి దాన్ని రద్దు చేశారు. "మేం వాళ్ళలాంటి వలసవాళ్ళం కాదండీ, మేం వేరు" అన్న వాదన అంత పాతది, అంత పనికిమాలినది.

కానీ మనవాళ్ళు ఇప్పటికీ అదే పాట. 2025 ఫిబ్రవరిలో 104 మందిని సంకెళ్ళు వేసి మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దింపితే మా గ్రూపులో వచ్చిన మొదటి మాట, "మనవాళ్ళు కాదులెండి, పంజాబీలూ, గుజరాతీలూ". అదేదో ఊరట అయినట్టు! 2019 జనవరిలో మిషిగన్‌లో దొంగ యూనివర్సిటీ వ్యవహారంలో 129 మంది మన విద్యార్థుల్ని పట్టుకున్నారు, గుర్తుందా? అందులో చాలామంది తెలుగు పిల్లలే. ఆ యూనివర్సిటీ పెట్టింది అక్కడి ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. అప్పుడు మనం "అక్రమ వలసదారులు" అనలేదు. "పాపం పిల్లలు, మోసపోయారు" అన్నాం. పాపం పిల్లలే, నేనూ ఒప్పుకుంటాను. ఆ "పాపం" అనే మాట మన దగ్గర ఒకళ్ళకి ఇంత, ఇంకొకళ్ళకి అంత అని కొలతపెట్టి ఎందుకు పోస్తున్నామని నా ప్రశ్న.

2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన రోజే, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం ఉండదని ఉత్తర్వు ఇచ్చాడు. ముప్పై రోజుల తరవాత పుట్టేవాళ్ళకి. మా వదిన, అంటే మావారి అక్కగారు, కూతురు అప్పుడు ఏడో నెల. అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "పుట్టని పిల్లని కూడా పరాయిది అంటారా, వీళ్ళకి కడుపు తెలీదా" అంది. కోర్టు నాలుగు రోజుల్లోనే దాన్ని ఆపింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ నాలుగు రోజులూ ఆవిడ అన్నం తినలేదు. నేనూ ఆవిడతో పాటు ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఆ పిల్ల భర్త గ్రీన్ కార్డు కోసం లైనులో ఉన్నాడు. ఏ దేశానికైనా ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్ళకి ఆ లైను దశాబ్దాలు. అక్కడికి చంకలో వెళ్ళిన పిల్లలు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడలోంచి బయటికి వచ్చేయాలి.

ఆ వదినే మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చి, కింద సెల్లార్లో టైల్స్ పని చేస్తున్న కుర్రాళ్ళని చూసి, "ఈ బీహారీలు పిల్లాపాపల్ని కూడా తెచ్చేసుకుంటున్నారే, ఇంక ఇక్కడే పాతుకుపోతారు" అంది. గురివింద గింజ సామెత నోటిదాకా వచ్చింది. పండగపూట ఎందుకులే అని పరమాన్నం వడ్డించాను. ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ ఈ బ్లాగు చదువుతుంది, చదవనీ.

"జనాభా రంగు మారిపోతోంది" అనే మాట నోటిమాటగా ఆగదు. ఫ్రాన్సులో రెనో కామూ అనే రచయిత 2011లో ఈ భయానికి "మహా భర్తీ" అనే అర్థం వచ్చే పేరు పెట్టి పుస్తకం వేశాడు. అసలువాళ్ళ స్థానంలో కొసరువాళ్ళని తెచ్చి నింపేస్తున్నారని. 2019 మార్చిలో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో మసీదుల్లో 51 మందిని కాల్చి చంపినవాడు తన రాతకి పెట్టుకున్న పేరు అదే. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీరుని చంపినవాడు, కాల్చే ముందు "నా దేశంలోంచి పో" అని అరిచాడు. ఆ పిల్లవాడి దగ్గర సక్రమమైన వీసా ఉంది. పెద్ద చదువుంది. మంచి ఉద్యోగం ఉంది. "మేం వేరు" అని చూపించుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

ఇదంతా తెల్లవాళ్ళ జబ్బు అనుకునేవాళ్ళకి బర్మా గుర్తుచెయ్యాలి. ఉత్తరాంధ్రలో మా వయసువాళ్ళందరికీ ఇళ్ళల్లో ఒక "రంగం" కథ ఉంటుంది. రంగం అంటే రంగూన్. మా అమ్మమ్మది టెక్కలి దగ్గర పల్లె. వాళ్ళ పెద్దన్నయ్య మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని స్టీమరెక్కి రంగం వెళ్ళాడట. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసింది మన తెలుగువాళ్ళే. వాళ్ళని అక్కడ "కొరంగీలు" అనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మొదట ఓడలెక్కారు కాబట్టి ఆ పేరు. తరవాత అదే తిట్టు అయిపోయింది. ఊరి పేరు తిట్టుగా మారడానికి ఎంత ద్వేషం పట్టాలో ఆలోచించండి.

1931 లెక్కల్లో రంగూన్ జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా వాళ్ళ సొంత రాజధానిలో బర్మా వాళ్ళే తక్కువ! నేను బర్మా ఆడదాన్నయితే నాకూ కడుపు మండేది. ఇంకా అసలు సంగతి పల్లెల్లో ఉంది. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేక రైతుల పొలాలు చెట్టియార్ల చేతికి పోయాయి. 1938కల్లా కింది బర్మా వరిపొలాల్లో దాదాపు నాలుగోవంతు వాళ్ళదే. కాబట్టి కోపానికి కారణం లేదని నేననను. కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో చూడండి. 1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలని తెచ్చి పని నడిపించాయి. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలని వెళ్ళిపొమ్మన్నాయి. ఇద్దరు పేదవాళ్ళ మధ్య నిప్పు పెట్టి పక్కకి తప్పుకున్నాయి. గొడవల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలు. పొలాలు తీసుకున్న షావుకారుకి ఏం కాలేదు. తెల్లదొర కంపెనీకి ఏం కాలేదు. మూట మోసేవాడి తల పగిలింది.

తరవాత 1942లో జపాన్ వాళ్ళు వస్తే లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో వేలమంది పోయారు. మా అమ్మమ్మ అన్నయ్య వాళ్ళలో ఒకడేమో. ఉత్తరం ముక్క లేదు. వాళ్ళ వదిన చాలా ఏళ్ళు బొట్టు తీయలేదట, బతికున్నాడో లేడో ఎవరు చెప్తారు? 1962లో సైన్యం వచ్చి, 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వపరం చేశాక, మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కారు. మన కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటే అదే. అంతటితో లెక్క ఆగిందా? 1982లో బర్మా వాళ్ళు పౌరసత్వ చట్టం చేసి, 1823కి ముందు నుంచి ఉన్న జాతులవాళ్ళే పూర్తి పౌరులన్నారు. నూట అరవై ఏళ్ళ కిందటి తాతల్ని వెతుక్కోవాలి. ఒకసారి ఎవరు అసలు, ఎవరు కొసరు అని లెక్కపెట్టడం మొదలుపెడితే ఏ సంవత్సరం దగ్గర ఆగాలో ఎవరికీ తెలియదు. అమెరికా వాళ్ళు 1890 అన్నారు, వీళ్ళు 1823 అన్నారు.

ఇంక మా అపార్ట్‌మెంట్ సంగతి. పోయిన నెల ఒక కాగితం ఇంటింటికీ తిరిగింది. "హిందీ వాళ్ళకీ, ఒరిస్సా వాళ్ళకీ" ఫ్లాట్లు అద్దెకి ఇవ్వకూడదట. పనికి వచ్చే బయటి రాష్ట్రం కూలీలు లిఫ్టు ఎక్కకూడదట. కారణం అని రాసినచోట, "ఏరియా డెమోగ్రఫీ మారుతున్నందున". ఇంగ్లీషు మాటని తెలుగులో రాసేస్తే తప్పు కాస్త మర్యాదగా కనపడుతుందని కాబోలు. నేను సంతకం పెట్టలేదు. దొంగతనాలు పెరిగాయి కదా అన్నారు తెచ్చినాయన. ఏ ఫ్లాట్లో, ఎప్పుడు, పోలీసు కంప్లైంట్ ఏది అని అడిగాను. "అలా అని కాదమ్మా, జనరల్‌గా" అన్నారు. ఈ జనరల్‌గా అనే దొంగ ఎప్పటికీ దొరకడు.

మా బిల్డింగు లేపింది ఎవరు? సెంట్రింగ్ బీహార్ వాళ్ళు, టైల్స్ రాజస్థాన్ వాళ్ళు, తాపీపని మన విజయనగరం వాళ్ళూ ఒరిస్సా వాళ్ళూ. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టుల్లో ఉన్నవాళ్ళు ఎవరు? వాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు వస్తే చవక, కట్టాక పక్కింట్లో ఉంటే ప్రమాదం. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు. ఇక మన శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో వచ్చారు. వాళ్ళని వేరావల్ వాళ్ళు లిఫ్టు ఎక్కొద్దంటే మనకెలా ఉంటుంది?

"వాళ్ళు తక్కువ కూలికి వచ్చి మనవాళ్ళ పొట్ట కొడుతున్నారు" అంటారు. ఇది మాత్రం తీసిపారెయ్యాల్సిన మాట కాదు. మా పనమ్మాయి భర్త తాపీమేస్త్రీ, ఆయన బాధ నాకు తెలుసు. కానీ తక్కువ కూలి ఇచ్చేది ఎవరు? కూలీ తనకి తనే తక్కువ ఇచ్చుకుంటాడా? బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన పనివాడికి స్థానికుడితో సమానంగా కూలి ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు. రానూపోనూ ఖర్చు కూడా కాంట్రాక్టరే పెట్టుకోవాలని అందులో ఉండేది. అలాంటి నియమాన్ని గట్టిగా అమలు చేస్తే మనవాడికీ పని, వాడికీ తిండి. ఆ కాగితం బిల్డర్ల దగ్గరికి తిప్పండి, మొదటి సంతకం నాదే. బిల్డరు కారులో వస్తాడు, ఆయన్ని అడగడానికి నోరు రాదు. లిఫ్టు దగ్గర నిలబడ్డ పందొమ్మిదేళ్ళ కుర్రాడి మీద వస్తుంది.

ఇంటికి తలుపు ఉండకూడదని నేను చెప్పడం లేదు. దేశానికి సరిహద్దు కావాలి, రావడానికి పద్ధతి కావాలి, దొంగపని చేసినవాడిని పట్టుకోవాలి. బీహార్ వాడూ ఒరిస్సా వాడూ ఆ తలుపు బయట లేరు, అదే ఇంట్లో పక్క గదివాళ్ళు. దేశంలో ఎక్కడికైనా పోయి ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో రాసిపెట్టింది.

"మరి మన భాష ఏమైపోవాలి?" అని తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి నన్ను ప్రత్యేకంగా అడుగుతుంటారు. మా బిల్డింగులో పిల్లలు పాతికమంది ఉంటారు. వాళ్ళలో తెలుగు తడుముకోకుండా చదివేది ఒక్కర్తే, మా వాచ్‌మన్ కూతురు. వాళ్ళది రాయగడ దగ్గర పల్లె, ఇంట్లో ఒడియా మాట్లాడతారు. ఆరో తరగతి నుంచి ఇక్కడి సర్కారు బడిలో చదువుతోంది, ఈ ఏడు పదో తరగతి. సాయంత్రాలు నా దగ్గరికి ఛందస్సు చెప్పించుకోవడానికి వస్తుంది. గణవిభజన తప్పు లేకుండా చేస్తుంది. మిగతా పిల్లలకి తెలుగు రాకుండా చేసింది ఏ బీహారీ కాదు. నెలకి వేలు పోసి, ఇంట్లో కూడా "వాటర్ తాగు, రైస్ తిను" అని నేర్పింది మనమే.

ఇంతకీ లోకల్ ఎవరు అనేదానికి మన రాష్ట్రంలో ఒక లెక్క ఉందండోయ్, మా కమిటీ వాళ్ళకి తెలిసినట్టు లేదు. 371డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పరీక్ష రాసేముందు వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితే స్థానికులే. ఆ లెక్కన మా వాచ్‌మన్ కూతురు లోకల్. ఆ కాగితం తెచ్చినాయన మనవడు ఎల్‌కేజీ నుంచీ బెంగుళూరులో చదువుతున్నాడు, ఈ నాలుగేళ్ళ లెక్కకి వాడు అందడు. ఈ ఆదివారం మీటింగులో ఉత్తర్వు కాపీ తీసుకెళ్తున్నాను. కళ్ళజోడు కూడా పట్టుకెళ్ళాలి, అక్షరాలు మరీ చిన్నవి.